పరదాలు కడితే పర్యాటకులు రారు

(నగరాలు, పర్యాటకం, సామాజిక న్యాయం అనే అంశాలపై విశ్వవిద్యాలయ విద్యార్థులు, అధ్యాపకుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



'హైదరాబాద్‌కు విదేశీ పర్యాటకులను ఎక్కువగా రప్పించడం ఎలా?' అన్న అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఉదయం నుంచి మాట్లాడిన మిత్రులు విమానాశ్రయం గురించి, స్టార్ హోటళ్ళ గురించి, సోషల్ మీడియా ప్రచారం గురించి చెప్పారు. అవేవీ అక్కర్లేదని నేను అనను. కానీ వాటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. వచ్చినవాళ్ళకు మనం ఏ నగరాన్ని చూపిస్తున్నాం? ఆ నగరం కథలో ఎవరున్నారు, ఎవరు లేరు? నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. తన మనుషులను దాచిపెట్టే నగరానికి పర్యాటకులు రారు. వచ్చినా మూడో రోజు నిలవరు. తన మనుషులు గౌరవంగా నడవగలిగే నగరానికి, తన చరిత్రను పూర్తిగా చెప్పుకునే నగరానికి వస్తారు, మళ్ళీ వస్తారు. ఇది నీతిబోధ అనుకోకండి. పర్యాటక రంగానికి ఇదే అసలైన వ్యూహం అని నా వాదన.

ముందు ఒక లెక్క చూద్దాం. కరోనాకు ముందు సంవత్సరం, 2019లో, మన దేశానికి వచ్చిన విదేశీ పర్యాటకులు దాదాపు కోటీ తొమ్మిది లక్షలు. ఇది దేశం మొత్తానికి. ఆ రోజుల్లోనే బ్యాంకాక్ అనే ఒక్క నగరానికి ఏటా రెండు కోట్లకు పైగా విదేశీయులు వెళ్ళేవారు. మనకు కట్టడాలు తక్కువా? కాదు. 1591లో పునాది పడిన నగరం మనది. చార్మినార్, గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు 2010 నుంచే యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. గోల్కొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. 2019లో యునెస్కో మన నగరాన్ని ఆహార సంస్కృతికి గుర్తుగా సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. 2021లో రామప్ప ప్రపంచ వారసత్వ కట్టడం అయింది. పేరుకు కొదవ లేదు, రాళ్ళకూ కొదవ లేదు. మరి లోటు ఎక్కడ?

ఆ లోటును అర్థం చేసుకోవడానికి నేను పర్యాటక శాఖ నివేదికల దగ్గరకు పోను. బాబాసాహెబ్ అంబేద్కర్ దగ్గరకు పోతాను. ఆయన్ని మనం న్యాయవేత్తగా, ఆర్థికవేత్తగా, రాజ్యాంగ నిర్మాతగా చదువుతాం. పర్యాటకుడిగా ఎప్పుడైనా చదివామా? 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకంలో ఆయన ఒక యాత్ర గురించి రాశారు. 1934లో ఆయన ముప్పై మంది దాకా సహచరులతో వేరూళ్ గుహలు, అంటే ఎల్లోరా చూడటానికి బయల్దేరారు. దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. ఆ కోట అప్పుడు నిజాం సంస్థానంలో, అంటే ఈ హైదరాబాద్ రాజధానిగా ఉన్న రాజ్యంలో ఉండేది. ప్రయాణంలో దుమ్ము కొట్టుకుపోయి ఉన్నారు. కోట గుమ్మం బయట చిన్న నీళ్ళ తొట్టి కనపడితే కొందరు కాళ్ళూ ముఖం కడుక్కున్నారు. అంతే. అంటరానివాళ్ళు నీళ్ళు మైల చేశారని ఒక వృద్ధుడు కేకలు పెట్టాడు, జనం పోగయ్యారు. రంజాన్ నెల అది. కొట్లాట దాకా వచ్చింది. చివరికి కోట చూడనిచ్చారు. ఒక షరతు మీద. లోపల ఎక్కడా నీళ్ళు ముట్టుకోకూడదు. అలా ముట్టుకోకుండా చూడటానికి వెంట ఒక సాయుధ సిపాయిని కూడా పంపారు.

మిత్రులారా, ఆ పుస్తకం పేరులో వీసా అన్న మాట ఎందుకు ఉందో ఇప్పుడు ఆలోచించండి. విదేశీయుడికి వీసా ఇచ్చేది ప్రభుత్వం. ఇప్పుడైతే చాలా దేశాల వాళ్ళు ఇంట్లో కూర్చుని ఈ-వీసా తీసుకోవచ్చు. ఈ దేశంలో పుట్టిన దళితుడు మాత్రం కోట గుమ్మం దగ్గర, గుడి మెట్ల దగ్గర, హోటల్ బల్ల దగ్గర, అద్దె ఇంటి గడప దగ్గర సమాజం ఇచ్చే వీసా కోసం నిలబడాలి. పర్యాటకం అంటే మౌలికంగా ప్రవేశానికి సంబంధించిన ప్రశ్న. ఎవరు రావచ్చు, ఎవరు చూడవచ్చు, ఎవరు నీళ్ళు తాగవచ్చు. సొంత మనుషులకు ఈ ప్రశ్నలు తేల్చని చోట, బయటివాళ్ళకు పరిచే ఎర్ర తివాచీ ఎంతోకాలం నిలవదు.

మనం అతిథులను ఎలా పిలుస్తున్నామో చూడండి. 2017 నవంబర్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ఈ నగరంలో జరిగింది. దానికి ముందు నగరంలో రెండు నెలల పాటు భిక్షాటన నిషేధించారు. బిచ్చగాళ్ళను పట్టుకుని జైళ్ళ శాఖ నడిపే ఆశ్రయాలకు తరలించారు. 2020 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు వచ్చే దారిలో అహ్మదాబాద్‌లో ఒక పేదల బస్తీ ముందు గోడ కట్టారు. 2023 సెప్టెంబర్‌లో జీ-20 సదస్సుకు ఢిల్లీలో బస్తీలు కనపడకుండా పచ్చ పరదాలు కట్టారు. పాలించిన పార్టీలు వేరు, నగరాలు వేరు. పద్ధతి ఒక్కటే. ఊరికి చుట్టం వస్తున్నాడంటే ఇంట్లోని వాళ్ళను కొట్టంలో పెట్టి తాళం వేయడం.

ఇక రెండో పద్ధతి ఉంది. దాచలేనివాళ్ళను వంచడం. 2025 మే నెలలో 72వ మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాద్‌లో జరిగాయి. పోటీదారులు రామప్ప దర్శనానికి వెళ్ళినప్పుడు స్థానిక మహిళలు వాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోసి, తువాళ్ళతో తుడిచిన దృశ్యాలు దేశమంతా చూసింది. అతిథి మర్యాద అని కొందరు సమర్థించారు. నా ప్రశ్న ఒక్కటే. ఆ నీళ్ళ చెంబు ఎవరి చేతిలో ఉంటుందో ఎవరు నిర్ణయిస్తారు? శతాబ్దాల పాటు ఒకరి కాళ్ళు ఇంకొకరు కడగడమే ధర్మంగా నడిచిన నేల మీద దాన్ని ప్రదర్శనగా పెట్టడం సంస్కృతి కాదు, చరిత్ర మరిచిపోవడం. ఆ పోటీలకు వచ్చిన అమ్మాయిలు తమ కాళ్ళు కడగమని అడగలేదు. వాళ్ళకు కూడా అది ఇబ్బందే.

మరి ఈ దాపరికం, ఈ వంగడం పర్యాటకులను తెచ్చాయా? మా విభాగానికి వచ్చే విదేశీ పరిశోధకులను నేను నగరం తిప్పుతుంటాను. వాళ్ళు రెండో రోజే అడిగేవి ఇవి: రోడ్డు ఎక్కడ దాటాలి? ఫుట్‌పాత్ ఎందుకు మధ్యలో ఆగిపోయింది? ఆడవాళ్ళకు శుభ్రమైన మూత్రశాల ఎక్కడ? రాత్రి తొమ్మిది తర్వాత ఒంటరిగా నడవవచ్చా? ఆటోకు న్యాయమైన ధర ఎంత? వీటిలో ఒక్కటి కూడా విదేశీయుల ప్రత్యేక సమస్య కాదు. ఇవే ప్రశ్నలు తెల్లవారుజామున నాలుగింటికి చీపురు పట్టుకుని బస్తీ నుంచి బయల్దేరే పారిశుధ్య కార్మికురాలివి. పూల గంప నెత్తిన పెట్టుకుని గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి నడిచే అమ్మవి. చక్రాల కుర్చీలో ఉన్న విద్యార్థివి. ఆ కార్మికురాలికి సురక్షితమైన నగరం, ఒంటరిగా వచ్చే కొరియా అమ్మాయికీ సురక్షితమే. ఆమెకు మూత్రశాల లేని నగరంలో పర్యాటకురాలికీ ఉండదు. కాబట్టి నా మొదటి ప్రతిపాదన చాలా మామూలుది. పర్యాటక బడ్జెట్‌లో మొదటి రూపాయి హోర్డింగులకు కాదు, ఫుట్‌పాత్‌కు, మూత్రశాలకు, వీధి దీపానికి, సిటీ బస్సుకు పెట్టండి.

పరిశుభ్రత గురించి మాట్లాడేటప్పుడు ఆ పని చేసే మనిషి గురించి మాట్లాడకపోతే అది మోసం అవుతుంది. మానవ మల పారిశుధ్య పనిని నిషేధించిన చట్టం 2013 డిసెంబర్ 6న అమల్లోకి వచ్చింది. ఆ తేదీ బాబాసాహెబ్ వర్ధంతి. పదేళ్ళ తర్వాత, 2023 అక్టోబర్‌లో, మురుగు కాలువల్లో చనిపోయిన వారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చావులు ఆగలేదు కాబట్టే చెప్పాల్సి వచ్చింది. ఈ విషయంలో హైదరాబాద్ చేసిన ఒక మంచి పని కూడా చెప్పాలి. ఇరుకు గల్లీల్లో మురుగు తీసే చిన్న యంత్రాలను జలమండలి ప్రవేశపెట్టి, వాటి యాజమాన్యం దళిత యువతకు దక్కేలా చూసింది. ఆ తర్వాత ఢిల్లీ కూడా అదే బాట పట్టింది. మనిషిని గుంటలోకి దింపకుండా శుభ్రంగా ఉండే నగరం అన్న పేరు ఏ ప్రచార చిత్రానికీ తీసిపోదు. ఆ పేరు పూర్తిగా సంపాదించుకోవాలి.

ఇప్పుడు రెండో విషయం. ఏం చూపించాలి?

మన ప్రచారంలో నగరం అంటే నవాబులు, ముత్యాలు, బిర్యానీ. లేదంటే అద్దాల మేడలు. మధ్యలో రెండు వేల ఏళ్ళ చరిత్ర మాయమైపోయింది. హైదరాబాద్ నుంచి సుమారు నూట యాభై కిలోమీటర్ల దూరంలో నాగార్జునకొండ ఉంది. మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకుల కాలంలో, బోధిశ్రీ అనే ఉపాసిక అక్కడ వేయించిన శాసనం ఉంది. తామ్రపర్ణి, అంటే శ్రీలంక స్థవిరుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చైనా, తోసలి, వంగ, వనవాసి, యవన, తమిళ దేశాల పేర్లు ఆ శాసనంలో కనపడతాయి. అక్కడ సింహళ విహారమే ఉండేది. ఆలోచించండి. పదిహేడు వందల ఏళ్ళ కింద, విమానం లేని రోజుల్లో, ఈ కృష్ణా లోయకు అంతర్జాతీయ అతిథులు వచ్చారు. చదువుకోవడానికి వచ్చారు, చర్చించడానికి వచ్చారు. వాళ్ళకు ఆతిథ్యం ఏర్పాటు చేసినవారిలో ఒక స్త్రీ ముందు నిలబడింది. ఇంతకంటే మంచి పర్యాటక కథ ఏ నగరానికి దొరుకుతుంది?

ఆ లోయ నాగార్జునసాగర్ కింద మునిగింది. 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను ద్వీపం మీదకి, అనుపుకి తరలించారు. 2022లో అక్కడే బుద్ధవనం ప్రారంభమైంది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలను 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ కళ ప్రదర్శనలో పెట్టారు. అమరావతి శిల్పాలు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. లండన్‌లో, న్యూయార్క్‌లో జనం వాటి ముందు నిలబడి చూస్తారు. ఆ రాయి పుట్టిన నేలను చూడాలని వాళ్ళకు అనిపిస్తే, ఉదయం హైదరాబాద్‌లో బస్సెక్కి ఫణిగిరి చూసి సాయంత్రానికి తిరిగి వచ్చే ఏర్పాటు, అక్కడ వాళ్ళ భాషలో వివరించే మనిషి ఉండాలి కదా?

థాయిలాండ్, శ్రీలంక, మయన్మార్, వియత్నాం, జపాన్, కొరియా, తైవాన్ నుంచి లక్షల మంది బౌద్ధులు బుద్ధగయకు, సారనాథ్‌కు వస్తారు. వాళ్ళు దక్షిణానికి ఎందుకు రారు? రమ్మని మనం గట్టిగా పిలవలేదు కాబట్టి. బ్యాంకాక్ నుంచి ఇక్కడికి నాలుగు గంటల లోపు విమాన ప్రయాణం. 2025 మిస్ వరల్డ్ కిరీటం గెలిచింది కూడా థాయిలాండ్ అమ్మాయే. ఆ పోటీదారులు బుద్ధ పూర్ణిమ రోజు బుద్ధవనం చూశారు. అది ఫోటోలతో ఆగిపోకూడదు. ఇంకో వివరం. పురావస్తు శాఖ కట్టడాల్లో విదేశీయుల టికెట్ మన టికెట్‌కు పది రెట్లకు పైనే. కానీ సార్క్, బిమ్‌స్టెక్ దేశాల వారికి మన ధరే. అంటే శ్రీలంక, నేపాల్, భూటాన్, మయన్మార్, థాయిలాండ్ పౌరులు మన టికెట్‌తోనే గోల్కొండ చూడవచ్చు. ఈ సంగతి మన ప్రచారంలో ఎక్కడైనా పెద్ద అక్షరాలతో కనిపించిందా?

అయితే ఒక హెచ్చరిక. బౌద్ధాన్ని ఉద్యానవనంగా, లేజర్ షోగా మార్చి అమ్మితే ఆ మనుషులు ఒక్కసారి వస్తారు, మళ్ళీ రారు. ఇక్కడ బౌద్ధం మ్యూజియం వస్తువు మాత్రమే కాదు, సమానత్వం కోసం జరిగిన పోరాటం కూడా. హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలబడిన బుద్ధుడిని చూడండి. 1990 మార్చిలో ఆ ఏకశిలా విగ్రహాన్ని తరలిస్తుండగా అది సాగర్‌లో మునిగింది. దానితో పాటు మనుషులు మునిగి చనిపోయారు. విగ్రహాన్ని పైకి తీసి 1992 డిసెంబర్ 1న నిలబెట్టారు. పడవలో వెళ్ళి ఆ బుద్ధుడితో ఫోటో దిగే వారిలో ఆ చనిపోయినవాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు? కరుణకు ప్రతీక అయిన విగ్రహం దగ్గర, దాన్ని తెస్తూ ప్రాణం విడిచిన వారి కథ చెప్పడం కంటే పెద్ద ధర్మ ప్రచారం ఏముంటుంది?

ఆ బుద్ధుడికి ఎదురుగానే 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం వెలిసింది. మరుసటి ఏడాది విజయవాడలో కూడా 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. సంతోషం. కానీ విగ్రహం ఎత్తు చూసి ఎవరూ మూడు రోజులు ఉండరు. కథ కోసం ఉంటారు. ఆ కథ ఈ నగరంలో ఉంది. 1888లో ఈ నగరంలో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్మిత్ర మండలి స్థాపించారు. దళిత పిల్లలకు బడులు పెట్టారు. జోగినీ దురాచారం మీద పోరాడారు. 1913లోనే ఇక్కడ బుద్ధ జయంతి జరిపారు. 1917లో బెజవాడలో ఆది ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకట్రావు, ఈశ్వరీబాయి, సదాలక్ష్మి ఈ గల్లీల్లోనే తిరిగారు. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం బాబాసాహెబ్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. కొలంబియా కూడా ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మన దేశంలో ఆ గౌరవం ఇచ్చిన విశ్వవిద్యాలయం మన ఉస్మానియా. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫోటో దిగే విదేశీయుడికి ఈ మాట చెప్పేవారు ఎవరు? భాగ్యరెడ్డి వర్మ నడిచిన వీధుల నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా, అక్కడి నుంచి సాగర్ ఒడ్డు దాకా ఒక పూట నడక యాత్రగా దీన్ని తీర్చిదిద్దవచ్చు. దానికి కోట్లు అక్కర్లేదు. పరిశోధన కావాలి, ఫలకాలు కావాలి, చెప్పే గొంతు కావాలి.

'కులం గురించి విదేశీయులకు చెప్పి దేశం పరువు తీయాలా?' అని అడిగేవారు ఉంటారు. వాళ్ళకు రెండు ఉదాహరణలు చెబుతాను. దక్షిణాఫ్రికాలో రాబెన్ ద్వీపం మండేలాను బంధించిన జైలు. 1999లో అది ప్రపంచ వారసత్వ స్థలం అయింది. అక్కడ ఒకప్పటి రాజకీయ ఖైదీలే గైడ్లుగా జైలు చూపించారు. కేప్‌టౌన్ వెళ్ళినవారు ఆ ద్వీపం చూడకుండా రావాలనుకోరు. అమెరికాలో మాంట్‌గోమరీ అనే నగరంలో 2018లో బానిసత్వం, మూక హత్యల చరిత్ర చెప్పే మ్యూజియం, స్మారకం తెరిచారు. ఆ నగరానికి ప్రపంచం నలుమూలల నుంచి మనుషులు వెళ్తున్నారు. వాళ్ళ పరువు పోలేదు. గాయం దాచిన సమాజాన్ని ఎవరూ నమ్మరు. గాయాన్ని ఒప్పుకుని మానుపుకుంటున్న సమాజాన్ని గౌరవిస్తారు. అదీ కాక ఇవాళ అంబేద్కర్‌ను చదివే విద్యార్థులు ప్రపంచంలోని చాలా విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. వాళ్ళు మన పర్యాటకులు కారా?

ఇక తిండి. ఆహార నగరం అని యునెస్కో గుర్తించింది కదా, మరి ఎవరి ఆహారం? హలీంకు 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ ఈ నగర పేదలు ప్రేమగా తినే కళ్యాణీ బిర్యానీ, గేదె మాంసంతో చేసేది, ఏ పర్యాటక బ్రోచర్‌లో ఉంది? 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు తమ తిండి తాము తింటామని పెద్దకూర పండుగ జరిపితే దాడులు జరిగాయి. ప్రపంచంలో ఎంతోమంది తినే మాంసాన్ని ఇక్కడ దొంగచాటు వ్యవహారం చేశాం. ఎవరినీ బలవంతంగా తినమనడం లేదు. సజ్జరొట్టె, జొన్నరొట్టె, అంబలి, బోటి, తలకాయ కూర, పెద్దకూర, ఇవన్నీ ఈ నేల వంటలే అని బోర్డు మీద రాయమంటున్నాను. వండే ఆడవాళ్ళకు దుకాణం ఇవ్వమంటున్నాను.

తిండి తర్వాత కళ. విమానాశ్రయంలో అతిథి దిగగానే డప్పు మోగుతుంది. ఆ డప్పు మోగించే చేతులకు ఆ రోజు ఎంత ముడుతుంది? మధ్యలో ఈవెంట్ కంపెనీకి ఎంత పోతుంది? పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన నగర శివారులో కూలిపనికి పోతున్నారని వార్తలు వచ్చాయి. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ ఇచ్చారు. సన్మానం ఒక రోజు. బతుకు మూడు వందల అరవై నాలుగు రోజులు. చిందు, డక్కలి, డప్పు కళాకారులకు నగరంలో శాశ్వత రంగస్థలం, వారానికి నిర్ణీత ప్రదర్శనలు, టికెట్ డబ్బులో నేరుగా వాటా ఉండాలి. పర్యాటకుడికి కూడా కావాల్సింది అదే. శుక్రవారం సాయంత్రం ఎక్కడికి వెళ్తే ఏం చూడవచ్చో ముందే తెలియాలి.

డబ్బు ఎవరికి చేరుతుందన్నది అసలు ప్రశ్న. గైడ్లు ఎవరు, టాక్సీ యజమానులు ఎవరు, హోంస్టేలు ఎవరివి? ఈ నగరంలో దళితుడికీ ముస్లింకూ అద్దెకు ఇల్లు దొరకడమే కష్టం. అలాంటప్పుడు హోంస్టే పథకం పెడితే లాభం ఎవరికి పోతుందో చెప్పనక్కర్లేదు. 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం మన రాష్ట్రంలో ఉంది. ఆ నిధి నుంచి దళిత, ఆదివాసీ యువతకు థాయి, సింహళ, జపనీస్, కొరియన్ భాషల్లో గైడ్ శిక్షణ ఇవ్వవచ్చు. ఫణిగిరి ఊరి పిల్లలే ఫణిగిరి చరిత్ర చెప్పాలి. సాగర్ కింద ఊళ్ళు పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలే సాగర్ చరిత్ర చెప్పాలి.

చివరగా మన కళ్ళ ముందు ఉన్న పరీక్ష గురించి చెప్పాలి. అది మూసీ. మూసీని శుభ్రం చేయాలనడంలో ఎవరికీ రెండో మాట లేదు. ఆ మురుగు పక్కన బతికేవాళ్ళకే అది అందరికంటే ముందు కావాలి. కానీ 2024లో నది పక్క ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. కొన్ని బస్తీల్లో ఇళ్ళు కూలాయి. కుటుంబాలను దూరంగా డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు పంపారు. అదే సమయంలో మన ప్రతినిధులు సియోల్ వెళ్ళి అక్కడి నదులు చూసి వచ్చారు. సియోల్‌లో చోంగ్యేచోన్ వాగును 2005లో పునరుద్ధరించారు. నిజంగానే అందంగా ఉంటుంది, పర్యాటకులు పోటెత్తుతారు. కానీ ఆ వాగు ఒడ్డున ఉన్న వీధి వ్యాపారులను ఒక స్టేడియంలోకి తరలించారు. కొన్నేళ్ళకే ఆ స్టేడియం కూడా కూల్చేశారు. సియోల్ నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఈ రెండో పాఠం కూడా. నది పక్కన పుట్టినవాడు నది పక్కనే దుకాణం పెట్టుకోగలిగితే, పడవ నడపగలిగితే, గైడ్ కాగలిగితే అది నగరం. వాడిని ముప్పై కిలోమీటర్ల దూరం పంపి ఆ చోట కాఫీ షాపు పెడితే, అలాంటిది ప్రపంచంలో ఎక్కడైనా ఉంటుంది. దాన్ని చూడటానికి ఎవరూ సముద్రాలు దాటి రారు.

విద్యార్థి మిత్రులారా, మీకు నాది ఒక విన్నపం. మీ ప్రాజెక్టు రిపోర్టుల్లో హోటల్ గదుల నిండుదల శాతాలు లెక్కపెట్టండి, వద్దనను. దానితో పాటు ఇంకో లెక్క కూడా తీయండి. పర్యాటకుడు ఖర్చు పెట్టే వంద రూపాయల్లో లాడ్ బజార్‌లో లక్క గాజు చేసే మహిళకు ఎంత, పోచంపల్లి మగ్గం దగ్గర ఎంత, హోటల్ గది ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికి ఎంత? చార్మినార్ చుట్టూ ఎన్ని మూత్రశాలలు, వాటిని ఎవరు కడుగుతున్నారు, వాళ్ళ జీతం ఎంత? భాగ్యరెడ్డి వర్మ నడిపిన బడులు ఏ ఏ వీధుల్లో ఉండేవి? ఈ లెక్కలు మీరు తీస్తే అవే రేపటి పర్యాటక విధానానికి పునాది అవుతాయి. వాటిలో ప్రభుత్వ సంస్థల దగ్గర ఉన్నవాటిని అడిగి రాబట్టే హక్కు సమాచార హక్కు చట్టం మీకు ఇచ్చింది.

బోధిశ్రీ శాసనంలో దేశాల పేర్లున్నాయి. ఈ నగరం వేయబోయే శాసనంలో ఆ దేశాల పేర్లతో పాటు ఈ నగరాన్ని ఊడ్చిన, కట్టిన, పాడిన, వండిన మనుషుల పేర్లు కూడా ఉండాలి. అప్పుడు ప్రపంచం వస్తుంది. అప్పుడు మనం ఎవరినీ దాచాల్సిన పని ఉండదు.

జై భీమ్.